గీతలు పదమంటాయి, బుడిపెలు ఆగమంటాయి

అడుగు పొడవు, అడుగు వెడల్పు, పసుపు రంగు. రైల్వే ప్లాట్‌ఫాం అంచున, మెట్రో స్టేషన్ మెట్ల ముందు, కొత్త ఫుట్‌పాత్‌ల నడుమ కనిపించే ఈ టైల్‌ను చూపున్నవాళ్ళు చాలామంది అలంకారం అనుకుని దాటిపోతారు. కాస్త వంగి చూస్తే అందులో రెండు రకాలున్నాయని తెలుస్తుంది. ఒకదాని మీద పొడవాటి గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అంటే ఇటే పద అని. రెండోదాని మీద వరసగా బుడిపెలు ఉంటాయి. ఆగు, ముందు మెట్లో మలుపో అంచో రోడ్డో ఉంది అని వాటి హెచ్చరిక. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే హోసూరు లాంటి ఊళ్ళో ఏ బోర్డుకూ లేని సదుపాయం దీనికుంది. ఏ భాష వాళ్ళయినా చదువుకోవచ్చు, అదీ కాలితోనే.

దీన్ని కనిపెట్టిన సెయిచి మియాకె ఇంజనీరు కాదు. జపాన్‌లోని ఒకాయామాలో లాడ్జి నడిపే మనిషి. హిదెయుకి ఇవహాషి అనే మిత్రుడికి చూపు పోతోందని తెలిసి 1965లో ఈ పని మొదలుపెట్టాడు. నాచు ఎక్కడ ఆగి మట్టి ఎక్కడ మొదలవుతుందో చెప్పు అడుగులోంచి కూడా తెలుస్తుందని ఆ మిత్రుడన్న మాటే మియాకెకు దారి చూపిందంటారు. అరికాలికి అంత తెలిసేటప్పుడు నేలకే మాటలు నేర్పితే పోలేదా?

1967 మార్చి 18న ఒకాయామా అంధుల పాఠశాల దగ్గరి కూడలిలో 230 బ్లాకులు పరిచారు. ప్రపంచంలో ఇవే మొదటివి. ఆ తర్వాత అంతా సాఫీగా సాగిపోలేదు. మియాకె సొంత డబ్బు ఖర్చుపెట్టి ఊరూరికీ బ్లాకులు ఉచితంగా ఇస్తానన్నా మొదట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1970లో ఒసాకాలోని అబికోచో స్టేషన్ ప్లాట్‌ఫాం ఎక్కాక ఇవి రైల్వేలకు పాకాయి. మియాకె 1982లో చనిపోయాడు. మొదటి బ్లాకులు పరిచిన ఆ కూడలిలో ఇప్పుడు ఓ స్మారకశిల ఉంది.

మొదట్లో ఎవరికి తోచిన ఆకారంలో వాళ్ళు బుడిపెలు పోశారు. ఒక ఊళ్ళో ఆగమన్న గుర్తు పక్క ఊళ్ళో మరోలా ఉంటే చూపు లేనివాళ్ళ గతేమిటి? అందుకే 2001లో జపాన్ కొలతలు ఖాయం చేసింది. బుడిపె ఎత్తు 5 మిల్లీమీటర్లు. అంతకంటే తగ్గితే చెప్పులోంచి తెలియదు, పెరిగితే కాలికి తట్టుకుంటుంది, చక్రాల కుర్చీ కుదుపులకు గురవుతుంది. బుడిపె గుండ్రంగా ఉంటుంది గానీ పైభాగం చదును. ఆ చదును 12 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. 2012లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. రంగు వెనుకా లెక్కుంది. అంధులుగా గుర్తింపు పొందినవాళ్ళలో చాలామందికి ఎంతో కొంత చూపు మిగిలి ఉంటుంది. బూడిదరంగు నేల మీద పసుపు వాళ్ళ కంటికి ఆనుతుంది. నేల రంగుకు మ్యాచింగ్ అంటూ బూడిదరంగు బుడిపెలు వేయించే ఆర్కిటెక్టులకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

అమెరికాలో దీని మీద పెద్ద పేచీయే నడిచింది. 1991లో తప్పనిసరి చేసిన బుడిపెల నియమాన్ని ఫుట్‌పాత్ ర్యాంపుల దగ్గర 1994లో పక్కన పెట్టారు. 2001లో గానీ మళ్ళీ అమల్లోకి రాలేదు.

మన దేశం చట్టంలో వెనకబడలేదు. జీబ్రా క్రాసింగుల మీద, రైల్వే ప్లాట్‌ఫాం అంచుల మీద చూపు లేనివారి కోసం గుర్తులు చెక్కించాలని 1995 నాటి వికలాంగుల చట్టమే చెప్పింది. 2002లో మొదలైన ఢిల్లీ మెట్రో, 2017లో వచ్చిన హైదరాబాద్ మెట్రో తమ స్టేషన్లలో ఈ దారులు పరిచాయి. 2016 నాటి చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ప్రమాణాలు పాటించని భవనానికి ప్లాను అనుమతీ ఇవ్వకూడదు, పూర్తయినట్టు సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు అంది. అయితే ఆ చట్టం కింద రాసిన నియమాల్లోని ప్రమాణాలు చాలావరకు సలహాల్లా ఉండిపోయాయి. రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వికలాంగ అధ్యయన కేంద్రం చేత నివేదిక తెప్పించుకుంది. 2024 నవంబరు 8న ఆ ప్రమాణాలు చెప్పే 15వ నియమం చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు వేరుగా రాయమని కేంద్రానికి 3 నెలల గడువిచ్చింది.

చట్టం కాగితం మీద ఉంటుంది, టైల్ మేస్త్రీ చేతిలో ఉంటుంది. చెడేది ఎక్కువగా అక్కడే. గీతల దారి నేరుగా కరెంటు స్తంభానికి పోయి తగులుతుంది. మ్యాన్‌హోల్ మూత దగ్గర తెగిపోయి అవతలివైపు రెండడుగులు పక్కకు జరిగి మొదలవుతుంది. గీతల టైల్స్ అయిపోయాయని బుడిపెలవే దారంతా పరిచేస్తారు. అప్పుడు ప్రతి అడుగూ ఆగమనే అంటుంది, అసలు ఆగాల్సిన చోటు తెలియకుండా పోతుంది. తప్పుగా వేసిన టైల్ కంటే వేయకపోవడమే నయం. టైల్ లేనిచోట మనిషి తన జాగ్రత్తలో తానుంటాడు, ఉన్నచోట దాన్ని నమ్మి అడుగేస్తాడు.

ఈ టైల్స్‌ను సరిగ్గా చేసి వేసే పనికి హోసూరు, కృష్ణగిరి ప్రాంతం కంటే తగిన చోటు ఉండదేమో. కృష్ణగిరి జిల్లా గ్రానైట్‌కు పేరు మోసింది. ఊదారంగు చారల ప్యారడైసో రాయి ఇక్కడిదే. రాతిని అద్దంలా నునుపు చేయడంలో ఇక్కడి చేతులు ఆరితేరాయి. చిక్కల్లా ఆ నునుపుతోనే. తళతళలాడే బండ వానలో జారుతుంది, దాని మెరుపు మసక చూపును ఇంకా మసక చేస్తుంది. అదే రాతి మీద మిషన్‌తో బుడిపెలు తేల్చవచ్చు. అతికించే ప్లాస్టిక్ ముక్కలా ఊడిపోదు, సిమెంటు టైల్‌లా అంత త్వరగా అరిగిపోదు. ఒక్క రంగు విషయంలోనే పక్కనున్న బండకు భిన్నమైన రాయి ఎంచుకోవాలి.

అవసరమూ ఇక్కడ కళ్ళెదుటే ఉంది. టైటాన్ తన హోసూరు వాచీల ఫ్యాక్టరీలో మొదటి నుంచీ వికలాంగులకు ఉద్యోగాలిచ్చింది. అమృత్ భారత్ పథకం కింద బాగుచేసే రైల్వే స్టేషన్లలో హోసూరు ఒకటి. 2019లో కార్పొరేషన్ అయిన ఊరు కాబట్టి ప్లాన్ల మీద సంతకాలూ ఇక్కడే పడతాయి.

ఆసుపత్రో కల్యాణమంటపమో కాంప్లెక్సో కట్టిస్తున్నవారు మెట్ల వరస మొదలయ్యే చోట, ముగిసే చోట అడుగు వెడల్పున బుడిపెల టైల్స్ వేయించండి. మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రాదు. పనయ్యాక తెల్ల కర్ర పట్టుకునే మనిషిని పిలిచి, పక్కన ఎవరూ చెయ్యి పట్టుకోకుండా నడిచి చూడమనండి. ఆయన సరే అన్నాకే కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు ఇవ్వండి.