మెదడులో నెత్తురు బుడగ

సైకిల్ ట్యూబు పాతబడితే ఒక్కోచోట పలచనవుతుంది. గాలి కొడితే అక్కడే ఉబ్బుతుంది. మెదడులోని రక్తనాళానికీ ఒక్కోసారి ఇలాగే అవుతుంది. నాళం రెండుగా చీలేచోట గోడ బలం తగ్గి బుడగలా ఉబ్బుతుంది. దీన్ని డాక్టర్లు అన్యూరిజం అంటారు.

పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుంది. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. చాలామందికి ఉన్నట్టే తెలియదు. బుడగ పగలకుండానే బతుకు గడిచిపోతుంది. పగిలితే మాత్రం ప్రాణానికే ముప్పు. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తుంది. వాంతులవుతాయి. మెడ పట్టేస్తుంది. స్పృహ తప్పవచ్చు. అమృతాంజనం రాసుకుని పడుకుంటే తగ్గే నొప్పి కాదది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

బుడగ పగలకముందే స్కానింగులో కనబడితే? తల తెరిచి బుడగ మొదట్లో క్లిప్పు పెట్టవచ్చు. లేదా తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పంపి, బుడగను తీగచుట్టలతో నింపవచ్చు. కాని ఈ పనుల్లోనూ ప్రమాదం ఉంది. ఎప్పటికీ పగలకపోవచ్చు అనుకునే బుడగ కోసం ఆపరేషన్ చేయాలా, కనిపెట్టుకుని ఉండాలా? డాక్టరుకు ఇదే చిక్కు. పెద్ద బుడగలకు భయం ఎక్కువే. అయినా చిన్నవీ పగులుతుంటాయి.

ఇక్కడే కంప్యూటర్ సాయానికి వస్తుంది. స్కానింగు బొమ్మల నుంచి ఆ మనిషి నాళం ఆకారాన్ని తీసుకుంటారు. కంప్యూటర్లో దాన్ని లక్షల చిన్న ముక్కలుగా విడదీస్తారు. ఒక్కో ముక్కలో నెత్తురు ఎటు పోతోంది, ఎంత జోరుగా పోతోంది అని లెక్క కడతారు. గుండె ఒక్కసారి కొట్టుకునేంతలో జరిగేదాన్ని లెక్కించడానికి గంటలు పట్టవచ్చు!

పొలం కాలువ చూసినవారికి ఇది కొత్త కాదు. నీరు ఒకచోట గట్టును కోస్తుంది. ఒకచోట సుడి తిరుగుతుంది. ఇంకోచోట కదలకుండా నిలుస్తుంది. బుడగలో నెత్తురూ అంతే. 2005లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయానికి చెందిన హువాన్ సెబ్రాల్, తోటివారు 62 బుడగలను ఇలా లెక్కగట్టి చూశారు. పగిలిన బుడగల్లో నెత్తురు సన్నని ధారగా వచ్చి, గోడ మీద కొద్దిచోటనే కొట్టడం ఎక్కువగా కనబడింది.

అయితే ఇది జోస్యం కాదు. జోరు ఎక్కువైనా గోడ చెడుతుంది, మరీ మందగించినా చెడుతుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. పైగా గోడ ఎంత పలచగా ఉందో స్కానింగులో సరిగా కనబడదు. అందుకే లెక్క ఒక్కదాన్నే నమ్మి ఆపరేషన్ చేయరు.

ఏ లెక్కా అక్కర్లేకుండా తెలిసినవి రెండున్నాయి. రక్తపోటు, పొగ. రెండూ బుడగ పగిలే ముప్పును పెంచుతాయి. బీడీ అయినా, చుట్ట అయినా, అడ్డపొగ అయినా పొగ పొగే. రక్తపోటును ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సమ్మ చూస్తుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు.