వెబ్‌సైట్ ఎడిటర్‌లో ఎన్ని బటన్లు ఉండాలి? తగ్గిస్తే ఎవరికి లాభం?

ఓ చిన్న కాలేజీలో అడ్మిషన్ల చివరి తేదీని వారం రోజులు పొడిగించారనుకుందాం. వెబ్‌సైట్‌లో ఆ ఒక్క లైను మార్చాల్సింది ఆఫీసు క్లర్కు. ఆయన లాగిన్ అయి పేజీ తెరవగానే రెండు వరుసల బటన్లు కనిపిస్తాయి. ఫాంట్లు, సైజులు, రంగులు, టేబుళ్లు, అర్థంకాని గుర్తులు. ఏది నొక్కితే ఏం చెడిపోతుందోనని సైట్ తయారుచేసిన డెవలపర్‌కు ఫోన్ చేస్తారు. ఆయన రేపు చూస్తానంటారు. ఈలోగా పాత తేదీ చూసిన విద్యార్థి గడువు ముగిసిందనుకుని దరఖాస్తే చేయకపోవచ్చు.

కాలేజీలు, క్లినిక్‌లు, స్వచ్ఛంద సంస్థల సైట్లలో పాత సమాచారం అలాగే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. సాంకేతిక పరిజ్ఞానం లేని క్లయింట్ల కోసం ఎడిటర్‌ను సులభం చేయాలన్న ఆలోచన ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఇన్ని బటన్లు ఎందుకు వచ్చాయి?

తెరపై ఎలా కనిపిస్తే కాగితంపై అలాగే ముద్రణ కావాలన్న ఆలోచనతో 1974లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బ్రావో అనే ప్రోగ్రామ్ తయారైంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ ఆ దారిలో వచ్చిందే. తర్వాత టైనీఎంసీఈ, సీకేఎడిటర్ లాంటివి వర్డ్ తరహా టూల్‌బార్‌ను వెబ్‌లోకి తెచ్చాయి. వర్డ్‌ప్రెస్ 2005 చివర్లో టైనీఎంసీఈని చేర్చుకుంది. 2018 డిసెంబర్‌లో దాని స్థానంలో ‘బ్లాక్’ ఎడిటర్‌ను తెచ్చింది. అయినా పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చే ప్లగిన్‌ను 50 లక్షలకు పైగా సైట్లు వాడుతున్నాయి. అలవాటైన పనిముట్టును వదులుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే వెబ్ పేజీ కాగితం కాదు. అదే పేజీని ఒకరు ఫోన్‌లో, ఇంకొకరు పెద్ద తెరపై చూస్తారు. చూపులేనివారు స్క్రీన్ రీడర్ ద్వారా వింటారు.

రూపం వేరు, అర్థం వేరు

ఒక వాక్యాన్ని పెద్దది చేసి, బోల్డ్ పెట్టి, ఎర్రరంగు వేస్తే చూసేవారికి అది శీర్షికే. కంప్యూటర్‌కు మాత్రం అది మామూలు వాక్యమే. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వాడేవారు ఒక్క కీ నొక్కి శీర్షిక నుంచి శీర్షికకు వెళ్తారు. ‘హెడ్డింగ్’ అని గుర్తించని శీర్షిక వారికి దొరకదు.

రంగులదీ అదే సమస్య. అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. తెల్లని పేజీపై పసుపు అక్షరాలు ఆ పరీక్షలో నెగ్గవు. రంగుల బటన్ ఉన్నంతకాలం ఎవరో ఒకరు పసుపును ఎంచుకుంటూనే ఉంటారు.

ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

రూపాన్ని మాత్రమే మార్చే బటన్లను తీసేసి, అర్థాన్ని చెప్పేవాటిని ఉంచడం మంచి పద్ధతి. పేరా, రెండు స్థాయుల హెడ్డింగ్‌లు, బోల్డ్, జాబితా, లింక్, ‘వెనక్కి’ బటన్ ఉంటే చాలా పేజీలకు సరిపోతుంది. ఫాంట్, సైజు, రంగు అక్కర్లేదు. అవి డిజైన్‌లోనే స్థిరపడి ఉంటాయి. అండర్‌లైన్ కూడా తీసేయవచ్చు. దాన్ని చూసి పాఠకులు లింక్ అనుకుని నొక్కుతారు.

ఇది పెద్ద పనేమీ కాదు. టైనీఎంసీఈలో ఏ బటన్లు కనిపించాలో సెట్టింగుల్లో కొన్ని లైన్లలో రాయవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో 2021లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి సొంత రంగులు, సైజులు ఎంచుకునే వీలును థీమ్ ఫైల్‌లోనే ఆపేయవచ్చు. క్లయింట్‌కు ‘అడ్మినిస్ట్రేటర్’ బదులు ‘ఎడిటర్’ హోదా ఇస్తే ప్లగిన్లు, థీమ్ జోలికి పొరపాటున కూడా వెళ్లలేరు.

తరచూ మారే సమాచారానికి అసలు ఎడిటరే వద్దు. చివరి తేదీ, ఫీజు, ఓపీ వేళలకు విడిగా చిన్న గడులు పెడితే చాలు. క్లర్కు తేదీ మార్చి ‘సేవ్’ నొక్కితే పని అయిపోతుంది.

తెలుగులో అదనపు చిక్కు

తెలుగు సైట్లకు మరో సమస్య ఉంది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో టైప్ చేసిన సమాచారం వస్తుంటుంది. అందులో తెలుగు అక్షరాలుగా కనిపించేవి లోపల ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లే. వాటిని కాపీ చేసి ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. దాంతో చాలామంది నోటీసును ఫొటోగానో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానో పెట్టేస్తారు. మామూలు స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. ఫోన్‌లో చూసేవారు వేళ్లతో పెద్దది చేసుకుని చదవాల్సిందే.

పేజీలో పెట్టేముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవడమే దీనికి పరిష్కారం. ఆ లింక్‌ను, ఒక్క వాక్యం సూచనను ఎడిటర్ పక్కనే తెలుగులో ఉంచాలి. వర్డ్ నుంచి తెచ్చేవాటిని సాదా టెక్స్ట్‌గానే పేస్ట్ అయ్యేలా అమర్చితే ఫాంట్లు, రంగులు వెంటరావు. కానీ హెడ్డింగ్‌లు, లింకులు కూడా పోతాయి. వాటిని మళ్లీ పెట్టుకోవాలని ముందే చెప్పాలి.

క్లయింట్ ఒప్పుకుంటారా?

‘డబ్బులిచ్చి చేయించుకున్న సైట్‌లో రంగు కూడా మార్చుకోలేమా?’ అన్న ప్రశ్న సహజం. బ్రిటన్ ప్రభుత్వ సైట్ గవ్.యూకేలో సమాచారం పెట్టే ఉద్యోగులకు కూడా ఫాంట్, రంగు ఎంచుకునే వీలు లేదు. వారు మార్క్‌డౌన్ అనే సాదా గుర్తులతో రాస్తారు. మన దేశంలోనూ ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో వెర్షన్ 2023లో వచ్చింది. సైట్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని అది చెబుతోంది.

అలాగని అన్నీ తీసేసినా ప్రమాదమే. అవసరమైన బటన్ లేకపోతే క్లయింట్ మళ్లీ ఫొటో పెట్టే దారే వెతుక్కుంటారు. వారంవారం ఫలితాల పట్టిక పెట్టే సంస్థకు టేబుల్ బటన్ ఉండాల్సిందే. అందుకే సైట్ అప్పగించే ముందు క్లయింట్‌తో మూడు పనులు చేయించి చూడాలి: ఒక తేదీ మార్చడం, ఒక నోటీసు పెట్టడం, ఒక ఫొటోకు వివరణ రాయడం. ఆ సమయంలో డెవలపర్ పక్కనే మౌనంగా కూర్చోవాలి. క్లయింట్ ఎక్కడ ఆగి ఆయన వైపు చూస్తారో, ఎడిటర్‌లో మార్చాల్సింది అక్కడే.