ఈతగాండ్రు సముద్రగర్భమున కెట్లు దిగిరి?

మా తమ్ముని కుమారుడు గోదావరి కాలువ యొడ్డున పెరిగినవాడు; ఈతలో దిట్ట. నూతిలో పడిన చెంబును ఒక్క మునుకలో పైకి తెచ్చువాడు. వాడు కొన్ని నెలల క్రిందట విశాఖపట్టణము నుండి, తాను స్కూబా విద్య నేర్వ దలచితిననియు, పెద్దల యనుమతి కావలెననియు వ్రాసినాడు. ఇంటిలో ఆడువారు వలదనిరి. మా తమ్ముడు, "అన్నయ్యా, చదువుకొన్నవాడవు, నీవే చెప్పుము" అని భారము నాపై పెట్టినాడు. తెలియని విషయమున తీర్పు చెప్పుట పాపము గనుక, ఆ విద్యనుగూర్చి దొరకిన గ్రంథములెల్ల తెప్పించి చదివితిని. చదివినదానిని నేడు మీకు మనవి చేసెదను. ఇట్టి ప్రశ్న రేపో మాపో మీ యిండ్లలోను పుట్టవచ్చును గదా!

వీపున కట్టుకొన్న లోహపు సీసాలోని గాలిని, నోట కఱచిన సాధనము గుండ పీల్చుచు నీటి యడుగున సంచరించుటయే స్కూబా. "తనతో తాను కొనిపోవు నీటియడుగు శ్వాససాధనము" అను నర్థమిచ్చు ఇంగ్లీషు మాటల మొదటి యక్షరములను కూర్చి యీ పేరు పెట్టిరి. విచిత్రమేమనగా, దీనిని పెంపొందించినవారిలో పలువురు దీనికొఱకే బయలుదేరినవారు కారు. వేఱొక వినోదము వారిని చేయి పట్టుకొని నీటిలోనికి దింపినది.

పెండ్లినాడు వధువునకు అరుంధతిని చూపునపుడు, ముందుగా దాపున నున్న పెద్ద నక్షత్రమును చూపి, చూపక్కడ నిలిచిన పిమ్మట "అది కాదు, దాని ప్రక్కది" అందురు. మన శాస్త్రకారులు దీనిని స్థూలారుంధతీ న్యాయ మనిరి. ఈ విద్య చరిత్రయు అట్టిదే.

ఫ్రాన్సు దేశపు దక్షిణ సముద్రతీరమును తీసికొనుడు. అక్కడ గై గిల్పాట్రిక్ అను అమెరికా రచయిత యుండెను. ఆయన పూర్వము వైమానికుడు. విమానము నడపువారు పెట్టుకొను కండ్లద్దముల రంధ్రములను లప్పముతో పూడ్చి, వానిని ధరించి నీట మునిగి, బల్లెముతో చేపలను వేటాడెడివాడు. ఆ వేటనుగూర్చి 1938లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1937లో వియన్నా నుండి విహారమునకు వచ్చిన హాన్స్ హాస్ అను యువకుడు ఆయన వేటను చూచి తానును బల్లెము పట్టెను. కొంతకాలమునకు హాసునకు చంపుటకంటె చూచుట ప్రియమయ్యెను. బల్లెమునకు బదులు ఛాయాచిత్రయంత్రమును చేతబూని, 1939లో కరీబియను సముద్రమునకు పోయెను. న్యాయశాస్త్రము చదువబోయినవాడు తుదకు జంతుశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను.

జాక్ కూస్తో కథ వేఱు. ఆయన ఫ్రెంచి నౌకాసైన్యమున వైమానికుడు కాదలచినవాడు. ఒక మోటారు ప్రమాదమున చేతులు విఱిగినవి. చేతులకు బలము వచ్చుటకై తూలోను పట్టణము దాపున సముద్రమున నీదుచుండ, సహోద్యోగి ఫిలిప్ తాయియే ఆయనకు నీటి కండ్లద్దముల నిచ్చెను. నీటిలోనికి తొంగిచూచిన ఆ క్షణముతో ఆయన జీవితము మఱలిపోయెను. వారితో కూడిన ఫ్రెదెరిక్ ద్యూమా నీటిలోని వేటయందు నేర్పరి.

ఈ వేటగాండ్ర కందఱకు నొక్కటే కొఱత. ఊపిరి బిగబట్టి ఎంతసేపుండగలరు? ఆ కొఱతయే యంత్రమునకు తల్లి. యుద్ధకాలమున పెట్రోలు కఱవై, మన దేశమున బొగ్గుబస్సులు నడచినట్లే ఫ్రాన్సునను కట్టెల గ్యాసుతో కార్లు నడచినవి. వానికై ఎమీల్ గాన్యాఁ అను ఇంజనీరు ఒక కవాటమును సవరించియుండెను. దానినే మనుష్యుని శ్వాసకు తగునట్లు మార్చి, 1943లో కూస్తోయు గాన్యాఁయు శ్వాసయంత్రమును సిద్ధపఱచిరి.

ఇంగ్లండులో మఱియొక మార్గము. గుహలను శోధించుట వేడుకగా గల బాల్కంబు, షెపర్డు అనువారికి వూకీహోల్ గుహలో నీరడ్డమయ్యెను. ఆ నీటిని దాటుటకే వారు 1935లో మునుకదుస్తులు ధరించిరి.

ఇట్లు వచ్చినవారు చేతులూపుకొనుచు రాలేదు. ఈతగాడు నీటియెడ నిర్భయత్వమును, వేటగాడు చేపల నడవడిని, చిత్రకారుడు ఓర్పును, గుహాశోధకుడు చీకటిలో దారమూతగా త్రోవ తప్పకుండుటను తెచ్చిరి. కాని, మహాశయులారా, అరుంధతి కనబడిన పిమ్మట మొదటి నక్షత్రమును విడువవలెను. విడువనిచో ప్రాణాపాయము. ఎట్లందురా?

ఒడ్డున నిండుగా ఊపిరి పీల్చి మునిగినవాని రొమ్ములోని గాలి లోతునకు పోయిన కొలది కుదించుకొని, పైకి వచ్చినపుడు మొదటి పరిమాణమునకే వచ్చును; రొమ్ము పిగులదు. యంత్రముతో దిగినవాని స్థితి యట్టిది కాదు. 10 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డుకంటె రెండింతలు. అక్కడ రొమ్మునిండ పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో, 5 లీటర్ల గాలి 10 లీటర్లు కాజూచును. ఊపిరితిత్తులు చినుగును. కాబట్టి ఈ విద్యకు ప్రథమసూత్రము: ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. మా పిల్లవాడు దేనికి ఊరంతటను మెప్పు పొందెనో, అదియే వానికి మృత్యుహేతువు కావచ్చును!

రెండవది, త్వరపడి పైకి రారాదు. లోతున నత్రజని వాయువు రక్తమున కరగును. గోలీసోడా కాయలోని గోలీని నొక్కినంతనే బుడగలు పొంగునట్లు, ఒత్తిడి హఠాత్తుగా తగ్గినచో దేహమునను బుడగలు పుట్టును. మూడవది, గాలి శుద్ధమై యుండవలెను. 1946లో వోక్లూజు నీటిగుహలో దిగిన కూస్తో, ద్యూమాలు కొలదిలో బ్రతికి బయటపడిరి. వారి సీసాలు నింపిన యంత్రము తన పొగను తానే పీల్చుకొనుటయే కారణము. అంతటి నేర్పరులకే అట్లయినది!

కాబట్టి వానికి నేనిట్లు వ్రాసితిని: "నాయనా, పొమ్ము. ముందు వైద్యునిచే రొమ్ము పరీక్షింపించుకొనుము. గురువు లేక దిగకుము. తోడు లేక దిగకుము. నీకు ఈత వచ్చునన్న మాటను ఒడ్డుననే విడిచి, అక్షరాభ్యాసము చేయు బాలునివలె కూర్చుండుము."

చిన్ననాడు వాడు బిగబట్టిన ఊపిరిని లెక్కపెట్టి మెచ్చుకొన్నవారము మనమే. నేడు "ఊపిరి విడువుము" అని చెప్పవలసినవారమును మనమే. వచ్చిన విద్య క్రొత్త విద్యకు వాకిలి చూపును. లోపలి గృహధర్మము వేఱు. దానిని పిల్లలకు తెలిపి పంపుట పెద్దల విధి. సెలవు.