ఊపిరి బిగపట్టలేని రోగికీ స్పష్టమైన ఎం.ఆర్.ఐ. చిత్రం

కాలేయం, క్లోమం, మూత్రపిండాలకు సోకిన వ్యాధులను గుర్తించడంలో ఎం.ఆర్.ఐ. పరీక్షకు విశేష ప్రాధాన్యం ఉంది. ఎక్స్‌రే, సి.టి. పరీక్షలలో వాడే కిరణాలు ఇందులో ఉండవు. అయితే చిత్రీకరణకు అధిక సమయం పడుతుంది. ఆ వ్యవధిలో రోగి ఎంత నిశ్చలంగా పడుకున్నా శ్వాసక్రియ మాత్రం ఆగదు.

ఛాతీని, ఉదరాన్ని వేరుచేసే కండర పొరను ఉదరవితానం అంటారు. మామూలు శ్వాసలోనే ఇది ఒకటి, రెండు సెంటీమీటర్ల మేర పైకీ కిందికీ కదులుతుంది. కాలేయం కూడా దానితోపాటే కదులుతుంది. యంత్రం చిత్రానికి కావలసిన సమాచారాన్ని విడతలు విడతలుగా సేకరిస్తుంది. విడతకూ విడతకూ మధ్య అవయవం స్థానం మారినందున చిత్రం మసకబారి, అంచులు నీడలుగా పునరావృతమవుతాయి. చిన్న కణితి ఈ నీడల మాటున కనబడకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇందుకు పరిష్కారంగా రోగిని 15 నుంచి 20 సెకన్లపాటు ఊపిరి బిగపట్టమని కోరడం వాడుకలో ఉన్న పద్ధతి. వృద్ధులకు, పసిపిల్లలకు, ఆయాసంతో బాధపడేవారికి ఇది సాధ్యం కాదు. కచ్చితమైన రోగనిర్ధారణ అత్యవసరమైనవారు తరచుగా వీరే కావడం గమనార్హం.

ఈ భారాన్ని రోగి నుంచి యంత్రానికి మార్చే ప్రయత్నాలు చాలాకాలంగా జరుగుతున్నాయి. పొట్టచుట్టూ కట్టే పట్టీ ద్వారా శ్వాసను గమనించడం వాటిలో ఒకటి. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రిచర్డ్ ఎమన్, జోయెల్ ఫెల్మ్‌లీ 1989లో ‘నావిగేటర్’ పద్ధతిని వివరించారు. అవయవం ఎంత కదిలిందో అదనపు సంకేతం ద్వారా కొలిచి, ఆ మేరకు సమాచారాన్ని సరిదిద్దడం ఇందులోని సూత్రం. అనంతర కాలంలో ఉదరవితానం ఊపిరి విడిచిన స్థితికి సమీపంలో, సుమారు 5 మిల్లీమీటర్ల పరిధిలో ఉన్నప్పటి సమాచారాన్నే స్వీకరించే విధానం ప్రాచుర్యం పొందింది. మిగిలిన సమాచారాన్ని విడిచిపెట్టవలసి రావడంతో పరీక్షా సమయం పెరగడం ఇందులోని లోపం.

న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన పద్ధతి ఈ లోపాన్ని అధిగమించే దిశగా సాగింది. ఇందులో సేకరించిన సమాచారం నుంచే శ్వాస లయను గుర్తించి, దానిని శ్వాస దశలవారీగా వర్గీకరిస్తారు. ఒక్కొక్క దశలో తక్కువైన సమాచారాన్ని గణిత విధానాలతో పూరిస్తారు. రోగి స్వేచ్ఛగా శ్వాసిస్తుండగానే పరీక్ష పూర్తవుతుంది.

దగ్గు, క్రమంలేని శ్వాస ఇప్పటికీ ఈ పద్ధతులకు సవాళ్లే. ఊపిరి బిగపట్టలేనివారు ఆ విషయాన్ని పరీక్షకు ముందే సిబ్బందికి తెలియజేయాలి. ఆసుపత్రులు కూడా యంత్రాల కొనుగోలు సమయంలో అయస్కాంత శక్తితోపాటు శ్వాస కదలికలను గమనించే సదుపాయం ఉన్నదీ లేనిదీ పరిశీలించడం అవసరం.