నానుడిలో మిగిలిన నల్లేరు

పని సులువుగా సాగిపోతే 'నల్లేరు మీద బండి నడక' అంటాము. ఎన్నికల రోజుల్లో పత్రికలకు ఈ మాట లేనిదే పూట గడవదు. అయితే నల్లేరును కళ్ళారా చూసినవారు ఎందరని మా తరగతిలో అడిగితే రెండంటే రెండు చేతులు లేచాయి. నల్లేరుకు ముళ్ళు లేవు. నీరు నిండిన మెత్తని కాడలు చక్రం కింద నలిగి, బండిని కుదపకుండా పోనిస్తాయి. ఆ నానుడి అలా పుట్టిందనే నాకు తోస్తుంది. తీగెను ఎరగనివారికి అందులోని మెత్తదనం ఏమి తెలుస్తుంది?

రాయలసీమ, తెలంగాణ మెట్టపొలాల గట్లమీద, జెముడు కంచెలమీద ఇది దానంతట అదే అల్లుకుంటుంది. కాడ నాలుగు పలకలుగా, గొలుసులాగా కణుపు కణుపుకూ నొక్కుకొని ఉంటుంది. కణుపు దగ్గర ఒక చిన్న ఆకు, దానికి ఎదురుగా ఒక నులితీగె. చూపులకు జెముడు జాతి అనిపించినా నిజానికిది ద్రాక్షకు చుట్టం.

దీన్ని పెంచడానికి పెరడు అక్కరలేదు; అపార్టుమెంటు వసారా చాలు. ముదురూ లేతా కాని కాడను మూడు కణుపులు ఉండేలా కోయండి. కోసిన వెంటనే పాతిపెట్టకండి. మూడు నాలుగు రోజులు నీడలో ఉంచి, కోత ఆరనివ్వాలి. పచ్చి గాయంతో తడిమట్టిలో దిగితే కుళ్ళిపోతుంది. అడుగున చిల్లి ఉన్న కుండీలో రెండుపాళ్ళు మట్టి, ఒకపాలు ఇసుక కలిపి, ఒక కణుపు లోపలికి పోయేలా నాటండి. సగం పూటైనా ఎండ తగలాలి. పాకడానికి జనపనార తాడో, కిటికీ ఊచలో చూపిస్తే మిగిలిన సంగతి నులితీగెలు చూసుకుంటాయి.

నల్లేరును చంపేది ఎండ కాదు, మన ప్రేమే. తులసికి పోసినట్లు రోజూ దీనికీ ఒక చెంబెడు పోస్తారు. పదిహేను రోజుల్లో మొదలు మెత్తబడుతుంది. వేలు గుచ్చి చూసి, లోపల కూడా పొడిగా ఉంటేనే నీరు పోయాలి. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపండి. వేసవిలో ఆకులు రాలితే కంగారు పడకండి. వాటి పని ఆ పచ్చని కాడే చేస్తుంది. పగటి ఎండలో తన రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. అందువల్లనే లోపలి నీరు ఆవిరైపోదు. ఇంత పొదుపరి మన ఇళ్ళలో మరొకరు ఉన్నారా అని నా సందేహం!

సంస్కృతంలో దీనికి వజ్రవల్లి, అస్థిసంహారి అని పేర్లు. రెండో పేరు విని మా విద్యార్థి ఒకడు, ఇది ఎముకలను సంహరిస్తుందా అని అడిగాడు. 'వేణీసంహారం' నాటకంలో ద్రౌపది జడను ఎవరూ చంపలేదు గదా, ముడివేశారు! ఇక్కడా అంతే, ఎముకలను కూర్చేదని అర్థం. విరిగిన ఎముకలకు దీన్ని వాడటం పాత అలవాటు. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఉడుప, ప్రసాద్ అనే వైద్యులు 1960లలో జంతువుల మీద పరీక్షించి, ఎముక త్వరగా అతుక్కోవడానికి ఇది తోడ్పడుతున్నదని రాశారు. అలాగని చెయ్యి విరిగినవాడికి నల్లేరు కట్టి ఇంట్లో కూర్చోబెట్టవద్దు. ముందు ఎక్స్‌రే, పిండికట్టు. ఆ తరువాతే పచ్చడి.

పచ్చడికి చివరి రెండు మూడు లేత కణుపులే పనికివస్తాయి. పచ్చి కాడలో సూదుల్లాంటి ఆక్సలేటు స్ఫటికాలు ఉంటాయి. అవే దురదకు కారణం. కనుక చేతులకు నూనె రాసుకొని, అంచుల పీచు తీసి, ముక్కలను నూనెలో రంగు మారేదాకా బాగా వేయించాలి. వేయించిన మినప్పప్పు, ఎండుమిరప, వెల్లుల్లి చేర్చి, చింతపండు కాస్త ముందుకు వేసి రుబ్బండి. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు మాత్రం దీని జోలికి పోకుండా ఉండటమే మేలు. వేడన్నంలో నువ్వులనూనెతో తింటేనే రుచి అని నా పక్షం. పెరుగన్నంలో నంజుకోవాలని మా ఇంటావిడ పక్షం. ఈ వ్యాజ్యం ఇంకా తేలలేదు.