ఎండిన యేటికిని చట్టము కలదు

ఏటిలో నీరు లేనప్పుడు అది యేరే కాదనియు, అట్టిచోట మురుగు విడిచినను చెత్త పోసినను అడుగువాడు లేడనియు, కార్తికపు వానలకు అంతయు సముద్రము పాలగుననియు విరుదునగరమున, కోవిల్పట్టిలో, మన తెలుగు ఇండ్లలో సైతము ఒక మాట నిశ్చింతగా చెల్లుచున్నది. విరుదునగరపు మురుగు కౌశికానదిలో నల్లగా నిలిచి, మెల్లగా జారి, కుల్లూర్‌చందై జలాశయమును చేరుచుండగా, సముద్రము పాలైనదేమో గాని దిగువ రైతు పాలైనది మాత్రము కండ్లకు కనబడుచునే యున్నది.

1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టము ప్రవాహమన నేమో నిర్వచించుచోటనే, పారుచున్నదైనను తత్కాలమునకు ఎండియున్నదైనను నీటిదారి ప్రవాహమే యనియు, భూగర్భజలమును అందు చేరుననియు విస్పష్టముగా పలికినది. ఏడాదిలో పెక్కునెలలు ఇసుకయే కనబడు వైప్పారు నదికిని దాని యుపనదులకును ఇంతకన్న అతికిన వాక్యము మరి యెవరు వ్రాయగలరు? ఆ ప్రవాహములోనికే గాక బావిలోనికిని, నేలమీదికిని తెలిసి కలుషపదార్థమును విడుచుట 24వ సెక్షను నిషేధించినది. అగ్గిపెట్టెల కర్మాగారములకే ఈ నిర్బంధమని సంతోషించువారు 25వ సెక్షను చదువుదురుగాక. మురుగు విడుచు కాలువకును కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావలయును, అది పురపాలక సంఘముదైనను సరే.

పారు నీరు తన్ను తానే శుద్ధిచేసికొనునన్న మాటలో కొంత నిజము లేకపోలేదని ఒప్పుకొనక తప్పదు. నిండు ప్రవాహమున గాలిలోని ప్రాణవాయువు కరగి, సూక్ష్మజీవులు సేంద్రియ మలినమును జీర్ణించుకొనును. అయితే కలియుటకు వేరు నీరే లేక మురుగే యేరైనచోట ఆ ప్రాణవాయువు ఎచ్చట మిగులును? లవణములను, లోహములను ఏ సూక్ష్మజీవి భక్షించును?

ఈ చట్టము ఢిల్లీవారి పని యనువారు, నీరు రాష్ట్రముల విషయమగుటచే శాసనసభల తీర్మానములమీదనే పార్లమెంటు ఆ చట్టము చేసినదని ఎరుగరు. ఇక బావినీటిని కాచి త్రాగిన చాలుననువారికి చెప్పునదేమన, కాచిన నీట క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు చావదు. తేటనీరు మంచినీరే యనువారితో వాదమేల? నైట్రేటునకు రంగు లేదు.

కావున బావిగలవారు ముందు నీటిని పరీక్ష చేయింపవలెను. పిమ్మట కాలుష్య నియంత్రణ మండలి జిల్లా కార్యాలయమునకు పోయి, సమ్మతి షరతుల రిజిస్టరు చూపుడని అడుగవలెను. ఆ కాలువవలన బాధపడు ఎవనికైనను దానిని చూచు హక్కు ఆ 25వ సెక్షనే యిచ్చినది. ఊరి మురుగుకాలువ పేరు అందులేనిచో, ఆ సంగతినే వ్రాతమూలకముగా ఫిర్యాదుచేసి, అందినట్లు ముద్ర వేయించుకొని రావలెను.