నొక్కితే వెలుగుతుంది, గుర్తుపెట్టుకుంటుంది

గదిలో లైట్లన్నీ ఆర్పేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, పటికబెల్లం ముక్కను పట్టకారుతో గట్టిగా నొక్కి పగలగొట్టండి. పగిలిన చోట నీలిరంగు వెలుగు తళుక్కుమని మాయమవుతుంది. చక్కెరను చీకట్లో గీకితే మెరుస్తుందని తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే ‘నోవమ్ ఆర్గానమ్’ అనే గ్రంథంలో రాశాడు. స్ఫటికం చీలినప్పుడు దాని రెండు ముఖాల మీదా వ్యతిరేక విద్యుదావేశాలు పోగవుతాయి. వాటి మధ్య గాలిలోని నైట్రోజన్ గుండా ఓ చిన్న రవ్వ దూకుతుంది.

చక్కెరతో చిక్కేమిటంటే, ముక్క పగిలితే అంతటితో సరి. పగలకుండా, నొక్కినప్పుడల్లా వెలిగే పదార్థాలు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి చాలామంది ఇళ్లలో ఉన్నదే. పిల్లల గది పైకప్పుకు అతికించే, లైటు తీశాక పచ్చగా మెరిసే నక్షత్రాల స్టిక్కర్లలో మంచి రకాలకు స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి వాడతారు. అందులో కాస్త యూరోపియం కలుపుతారు. ఈ పొడి ఒత్తిడికి కూడా వెలుగుతుందని, ఆ వెలుగును బట్టి వస్తువులో ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో కంటితో చూడవచ్చని 1999లో జపాన్‌లో చావో-నాన్ షూ బృందం చూపింది. మన దేశంలో శాస్త్రవేత్త బి.పి. చంద్ర జబల్‌పూర్, రాయ్‌పూర్‌లలో ఉంటూ ఈ రకం వెలుగుల మీద దశాబ్దాల పాటు పనిచేశారు.

లోపల జరిగేది ఇదీ. స్టిక్కరు మీద వెలుతురు పడగానే యూరోపియం దగ్గరి ఎలక్ట్రాన్లు కొన్ని ఎగిరి, స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకుంటాయి, గుంటల్లో పడ్డ గోళీల్లాగా. గదిలోని వేడికి అవి ఒక్కొక్కటే బయటపడి తిరిగి యూరోపియాన్ని చేరుతుంటే పచ్చటి వెలుగు వస్తుంది. అందుకే అది నెమ్మదిగా, గంటల తరబడి మెరుస్తుంది. మనం నొక్కామనుకోండి, స్ఫటికంలో విద్యుత్ క్షేత్రం పుడుతుంది. గ్యాస్ లైటర్ టక్కుమన్నప్పుడు రవ్వ పుట్టేదీ ఈ గుణం వల్లే. ఆ క్షేత్రం తోడై, ఇంకా చాలాసేపు లోపలే ఉండాల్సిన ఎలక్ట్రాన్లు ముందే బయటికొస్తాయి. నొక్కిన చోట వెలుగు పెరుగుతుంది.

నాకు ఇందులో అసలు సంగతిగా తోచేది ఆ వెలుగు కాదు, దాని తర్వాత జరిగేది. అదే చోట మళ్లీ నొక్కితే వెలుగు తగ్గుతుంది, మూడోసారి ఇంకా తగ్గుతుంది. ఎలక్ట్రాన్ల నిల్వ ఖర్చవుతోంది మరి. అతినీలలోహిత కాంతి కాసేపు తగలనిస్తే మళ్లీ నిండుతుంది. ఒత్తిడిని కచ్చితంగా కొలవాలనుకునే ఇంజినీరుకు ఇది పెద్ద తలనొప్పి. ఒకే ఒత్తిడికి రెండు రకాల జవాబులొస్తే కొలత ఏముంది? కానీ మెదడును చూసి కంప్యూటరు కట్టాలనుకునేవాడికి కావలసింది సరిగ్గా ఇదే. పాత సంఘటన కొత్త జవాబును మారుస్తోందంటే, పదార్థానికి జ్ఞాపకం ఉన్నట్టే. మన చర్మం కూడా అంతే: కళ్లజోడు పెట్టుకున్న కాసేపటికి అది ముక్కు మీద ఉన్న సంగతే తెలియదు.

మామూలు కంప్యూటర్లో లెక్క కట్టే చోటు వేరు, గుర్తుంచుకునే చోటు వేరు. ఆ రెంటి మధ్య డేటాను అటూ ఇటూ మోయడానికే బోలెడు కరెంటు పోతుంది. మెదడులో ఆ విడదీత లేదు. సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు 20 వాట్లతోనే నడుస్తాయి. న్యూరాన్ల మధ్య లంకె (సినాప్స్) ఎంత బలంగా ఉందన్నదే జ్ఞాపకం, లెక్క జరిగేదీ అక్కడే. 1980ల చివర్లో అమెరికాలో శాస్త్రవేత్త కార్వర్ మీడ్ మెదడును అనుకరించే చిప్‌ల దారి తొక్కాడు. 2014లో ఐబీఎం తెచ్చిన ట్రూనార్త్ చిప్ 10 లక్షల కృత్రిమ న్యూరాన్లను దాదాపు 70 మిల్లీవాట్లతో నడిపింది. అయితే అదంతా సిలికాన్‌లో కట్టిన ఏర్పాటు. స్పర్శ సంగతి దానికి బయటి నుంచి ఎవరో చేరవేయాలి.

నొక్కితే వెలిగే పొర ఆ పని చేయగలదు. చైనా పరిశోధకులు 2015లో మాంగనీసు కలిపిన జింక్ సల్ఫైడ్‌తో పలచని పొర చేసి, దాని మీద సంతకం చేయించారు. అక్షరాల రూపంతో పాటు ఏ గీత మీద చెయ్యి ఎంత ఒత్తిందో కూడా వెలుగులో నమోదైంది. సంతకం చూసి దించేయగలరేమో గానీ, ఆ ఒత్తిడిని దించడం కష్టం. ఇలాంటి పొర కింద కాంతి సినాప్స్ పెడితే స్పర్శ, వెలుగు, జ్ఞాపకం ఒకే చోట కలుస్తాయి. కాంతి సినాప్స్ అంటే వెలుగు పడినప్పుడల్లా తన విద్యుత్ వాహకతను కాస్త పెంచుకుని, ఆ మార్పును కొంతసేపు నిలుపుకునే పరికరం. వెంటవెంటనే రెండుసార్లు వెలుగు తగిలితే, రెండోదానికి అది మొదటిదానికన్నా గట్టిగా స్పందిస్తుంది.

అడ్డంకులు మాత్రం చిన్నవి కావు. వెలుగు బలహీనం, పగటి వెలుతురులో కనబడదు. నిల్వ నింపడానికి అతినీలలోహిత దీపం లాంటిది కావాలి, దాని కరెంటు ఖర్చునూ లెక్కలో వేసుకోవాల్సిందే. రబ్బరులో కలిపిన జింక్ సల్ఫైడ్ రకాలు ఏ దీపమూ అక్కర్లేకుండానే మళ్లీ మళ్లీ వెలుగుతాయి గానీ, ఎందుకు వెలుగుతాయన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లోని చిప్ స్థానంలోకి ఇది వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దీనికి తగిన చోటు కృత్రిమ చేతి వేళ్ల కొసలు, రోబో అరచేయి. అక్కడ కోట్ల లెక్కలు అక్కర్లేదు, పట్టుకున్నది గాజుగ్లాసో ఇనుప కడ్డీయో తెలిస్తే చాలు.